వాగు దాటని రోజులు

మార్చి 25

నాగమణి ఇవాళ వాగు దాటలేదు.

ఆడవాళ్లంతా తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి అవతలి ఒడ్డుకి పోయారు. మంచి చెట్లన్నీ అటే. ఈమె మాత్రం ఇంటెనక ఉన్న రెండు చెట్ల కిందే ఏరుకుంది. బుట్టలో సగం కూడా లేదు. అమ్మ బుట్టలోకి చూసింది, కోడలి ముఖంలోకి చూసింది, పొయ్యి దగ్గరికి పోయింది.

మా ఊళ్లో నెల తప్పిందని ఏ ఆడమనిషీ నోటితో చెప్పదు. మొగుడికి కూడా. వాగు దాటడం మానేస్తుంది. చూసుకున్నవాళ్లకి తెలుస్తుంది.

నేను చూశా.

మూడోసారి ఇది. మొదటిది మిరప కోతలకి పోయినప్పుడు తోటలోనే పోయింది. రెండోది ఇక్కడే, వరికోతలప్పుడు. రెండూ పొట్ట కనపడకముందే.

మార్చి 26

పశువుల డాక్టర్ సాబ్‌ని బండి మీద ఎక్కించుకుని ఇర్మయ్య తాత దొడ్డికి. వెనక ఎద్దు బీజం దాచే చలి పొగ డబ్బా. తాత ఆవు ఎదకొచ్చింది, రాత్రంతా అరిచిందట. సాబ్ డబ్బాలోంచి సన్న గొట్టం తీసి గోరువెచ్చని నీళ్లలో పెట్టాడు. నేను తోక పట్టుకున్నా. సూది పని అయిపోయింది. ఇంతేనా అన్నట్టు చూశాడు తాత.

"ఏంది పిలగా, ఎద్దు లేకుండనే దూడనా?"

"పుడతది తాతా. మొన్న మరైగూడలో పుట్టింది."

"పాపం, మా ఆవు ఆ ఎద్దు మొఖం గూడ చూడకపాయె."

సాబ్‌కి తెలుగు సగమే వచ్చు. ఏమన్నాడని అడిగాడు. హిందీలో చెప్పా. దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

మార్చి 27

నాగమణి ఇవాళా వాగుకి ఇవతలే.

మార్చి 29

కుంట ఊళ్లో టీ కొట్టు. ఎండ. బండి పంక్చర్, అతికేదాకా ఊరికే కూర్చోవాలి. నాకు కూర్చోవడం రాదు. కొట్టు చుట్టూ తిరుగుతుంటే సాబ్ పిలిచి ఫోన్‌లో వీడియో చూపించాడు.

గుండ్రంగా ఒకటి. రెండైంది. నాలుగు. అలా అలా, చిన్న ఉసిరికాయలు గుత్తిగా అంటుకున్నట్టు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"ఇందులో దూడ ఏది సాబ్?"

"ఇంకా ఎవరికీ తెలియదు. వాటికీ తెలియదు."

తర్వాత చెప్పాడు. ఆ కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని కబుర్లు చెప్పుకుంటాయట. నోటితో కాదు, ఏవో రసాలు. నేను అంచున ఉన్నా, నువ్వు లోపలున్నావు, అని. అంచున పడ్డవి దూడ వెనక పడే మాయ అవుతాయి. లోపల పడ్డవి దూడ అవుతాయి. ముందే రాసిపెట్టి ఏమీ లేదు. పక్కన ఎవరున్నారు, బయట ఏముంది — దాన్నిబట్టే.

"నేను ఎనిమిదిలో బడి మానేశా. ఇది తొమ్మిదిలో ఉంటదా?"

"నాకు కాలేజీలో చెప్పారు వెంకట్. సగం క్లాసు నిద్రపోయా."

పంక్చర్ అయిపోయింది.

మార్చి 30

అంచున ఉన్నవే మాయ అవుతాయి. దూడకి అన్నం, గాలి అన్నీ దాని నుంచే. పుట్టాక దాన్ని తీసుకుపోయి పాతిపెడతారు. ఎవరూ దానికి పేరు పెట్టరు.

ఎందుకో అదే తిరుగుతోంది బుర్రలో.

ఏప్రిల్ 1

కిరండూల్ నుంచి సురేష్ ఫోన్. బోరు లారీ మీద ఇద్దరం కలిసి పనిచేశాం. వాళ్లది విజయనగరం వైపు, నాన్న రైల్వే.

"ఏట్రా బావా, ఎన్నాళ్లు ఆవుల ఎనకాల తిరుగుతావు? ఇక్కడ కాంట్రాక్టులో మనిషి కావాలంట. నువ్వొత్తానంటే మాటాడేత్తాను."

ఆలోచిస్తా అన్నా.

"నువ్వాలోచించేదేటి, రేపే బస్సెక్కేసీ రకానివి!"

నిజమే. మిరపతోట, బోరు లారీ, సుక్మాలో సెల్‌ఫోన్ల కొట్టు, ఇప్పుడు పొగ డబ్బా. ఎక్కడా ఒక వానాకాలం నిలవలేదు. రేపే ఎక్కొచ్చు. సంచి కూడా గోడకే వేలాడుతోంది.

నాగమణి వింది. గోడ మీది సంచి వైపు చూసింది.

ఏప్రిల్ 3

సాబ్‌ని అడిగా — సూది వేసిన ప్రతి ఆవూ ఎందుకు చూలు కట్టదు? మన తప్పా, ఆవు తప్పా?

చాలాసార్లు కడుతుందట. కట్టి పోతుందట.

పిండం గర్భసంచిలోకి జారి వస్తుంది. ఆవుకి ఆ సంగతి తెలియదు. దాని ఒళ్లు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది — ఎవరూ రాలేదు, మళ్లీ ఎదకి రావాలి, అని. ఆ గడువులోపల పిండం ఒక కబురు పంపాలి. నేను వచ్చా, ఆగు, అని. ఆవు పిండం అందుకోసమే పొడుగు సాగుతుందట, దారంలా, సంచి ఆ కొస నుంచి ఈ కొస దాకా. ఎక్కడ తాకితే అక్కడ కబురు. అందితే ఒళ్లు ఆగుతుంది. అందకపోతే తలుపు తీసేస్తుంది.

"పిండం బాగానే ఉన్నా?"

"బాగానే ఉన్నా. కబురు బలంగా లేకపోతే అంతే. లేదా గర్భసంచి వినే స్థితిలో లేకపోతే. మాట రెండువైపులా ఉండాలి."

బండి గుంతలో పడింది. డబ్బా జాగ్రత్త, డబ్బా జాగ్రత్త, అని అరిచాడు.

ఏప్రిల్ 4

మనుషుల్లో కూడా అంతేనా అని అడిగా.

సాబ్ నా ముఖం వైపు చూశాడు. ఎవరికి అని అడగలేదు. మంచివాడు.

మనిషి పిండం దారంలా సాగదట. పైన ఉన్న పొర చీల్చుకుని బయటకొచ్చి గోడని పట్టుకుంటుంది, గోడలోకి దూరుతుంది. గోడ కూడా ఊరికే ఉండదు — కొద్ది రోజులే అది మెత్తబడి చోటిస్తుంది. ముందు రాకూడదు, తర్వాత రాకూడదు. దూరాక రక్తంలోకి కబురు. మితానిన్ అక్క, అదే మా ఊరి ఆశా కార్యకర్త, ఇచ్చే పరీక్ష పట్టీ మీద గీత పడేది ఆ కబురుకే.

"మరి పోయేవి?"

"ఎక్కువగా పిండంలోనే ఏదో కుదరక పోతాయి. చాలామందికి వచ్చిందనీ తెలియదు, పోయిందనీ తెలియదు. బరువెత్తినందుకు కాదు, నడిచినందుకు కాదు. ఎవరి తప్పూ కాదు."

పోయినసారి అమ్మ నీళ్ల బిందె అంది. పక్కింటి వదిన దిష్టి అంది. నాగమణి ఆ రెండూ వింది.

అంటే లోపల మాటామంతీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆమె వాగు దగ్గర ఆగకముందే. మేమెవరమూ లేకుండానే.

ఏప్రిల్ 6

మితానిన్ అక్క దగ్గర పట్టీ అడిగి తెచ్చా. నాగమణి ముందు పెట్టా.

"దీన్ని నేనడిగిన్నా?"

"ఊరికే. తెలుస్తది కదా."

"తెలిస్తే నువ్వేం చేస్తవ్?"

పట్టీ ఆమె వైపు జరిపా.

"తెల్వకుంటే ఏం చేస్తవ్?"

పట్టీ తీసుకుని నూనె సీసా పక్కన గూట్లో పెట్టేసింది.

ఏప్రిల్ 7

గూట్లోనే ఉంది. చూశా.

ఏప్రిల్ 8

ఉంది.

ఏప్రిల్ 11

లేదు. నూనె సీసా ఒక్కటే ఉంది.

ఆమె ముఖంలో ఏమీ లేదు. గంజి పోసింది. తాగా. అడగలేదు — అడిగినంత పనే అయింది.

ఏప్రిల్ 15

ఇప్పపువ్వు అయిపోవచ్చింది. ఆడవాళ్లు అవతలి ఒడ్డు నుంచి అరుస్తారు — "ఓ నాగమణీ, నీ రెండు చెట్లు బతికి ఉన్నయా, ఏరేరి సంపేసినవా?" ఈమె ఇవతల నుంచి — "మీ చెట్లకంటె లావైనయి, సూస్కోండి!" అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనరు.

పొద్దున ఆమె కక్కితే లెక్క వేసుకుంటున్నా. కక్కకపోతే భయం. వెనక్కి తిరిగి పడుకుంటే ఒకటి, ఇటు తిరిగి పడుకుంటే ఒకటి. ఎదకొచ్చే ఆవుని కనిపెట్టే చూపు ఇది. సాబ్ నేర్పిందే.

ఏప్రిల్ 19

సురేష్. "ఏటాలోచించావు?"

ఇంకొంచెం టైమివ్వమన్నా.

"నీకేటైందిరా?"

ఏప్రిల్ 26

సాబ్ సుక్మా మీటింగుకి పోయాడు. ఒక్కణ్ణే మందులివ్వడానికి తిరుగుతుంటే ఇర్మయ్య తాత బండి ఆపాడు.

"ఆవు మళ్ల అరవలే పిలగా. కట్టినట్టేనా?"

"కట్టే ఉంటది. సాబ్ వచ్చి చూస్తడు, ఇంకో నెల ఆగినాక."

"నెలనా! నువ్వు రోజూ ఆయనెంబడే తిరుగుతవ్ గద. చెయ్యి పెట్టి చూడరాదూ."

చూడొద్దని సాబ్ ఎన్నిసార్లు చెప్పాడో. ఇంత తొందరగా చూస్తే పిండం చితకొచ్చంటాడు. తెలుసు నాకు.

తొడుగు వేసుకున్నా. సబ్బు రాసుకున్నా. భుజం దాకా పోయింది చెయ్యి. లోపల వెచ్చగా. పేడ పేగు కింద తడిమితే — గర్భసంచి ఒక కొమ్ము సన్నగా, ఇంకోటి లావుగా. లావుగా ఉన్నదాన్ని వేళ్ల మధ్య పట్టుకున్నా. నీళ్లు నిండిన చిన్న బుడగ. వేళ్ల కింద జారింది. ఇంకోసారి పట్టుకున్నా, అదేనా కాదా అని.

అదే.

"ఉంది తాతా!"

తాత కల్లు పోశాడు. ఇంటికొచ్చేదాకా చెయ్యి బుడగ పట్టుకున్నట్టే ఉంది.

ఏప్రిల్ 27

సాబ్‌కి చెప్పలేదు.

మే 1

బీడీలకి తునికాకు కోత మొదలైంది. అందరూ అడవికి. నాగమణి పోలేదు, ఇంటి దగ్గరే ఆకు కట్టలు కడుతోంది.

మే 3

ఇర్మయ్య తాత ఆవు అరుస్తోంది.

వాళ్ల దొడ్డి ముందు నుంచి పోతుంటే వినపడింది. తోక ఎత్తి కంచెకేసి రుద్దుకుంటోంది. బండి ఆపలేదు నేను. సాబ్ ఆపమన్నాడు.

చూశాడు. ఖాళీ.

"చెయ్యి పెట్టావా?"

"పెట్టా."

తొడుగు తీసి మడిచాడు. నీళ్లు అడిగి చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"నువ్వు పెట్టినందుకే పోయిందని చెప్పలేను. ఊరికే కూడా పోతాయి. నువ్వు పెట్టకపోతే ఉండేదని కూడా చెప్పలేను. ఇంక ఎప్పటికీ చెప్పలేం."

అరిచినా బాగుండేది.

తాత అరుగు మీద కూర్చుని విన్నాడు. నేను హిందీ మాటలు తెలుగులో చెప్పా. ఒక్కటీ మింగకుండా చెప్పా. తాత ఆలోచించాడు.

"నేనే అడిగిన. నువ్వు పెట్టినవ్. సగం నాది, సగం నీది. నీ సగానికి ఒక కోడి దండుగ." తర్వాత వేలు చూపించాడు. "ఇంకో మాట. ఈసారి సూదేసినాక నువ్వు నా దొడ్డి తొక్కొద్దు. దూడ కాళ్లు బయటికొచ్చినప్పుడు నేనే పిలుస్త. అప్పుడు రా, గుంజుదువుగాని."

మే 4

కోడి పట్టడానికి గంప ఎత్తబోతే నాగమణి వచ్చింది.

"ఏది పడుతున్నవ్?"

"నల్లది."

"అది పొదుగుతున్నది. దాన్ని లేపకు. ఎర్రది పట్టు. ఎవరికి?"

చెప్పా. ఆవు, చెయ్యి, బుడగ, దండుగ, అన్నీ. నవ్వడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లకి. కళ్లనీళ్లు వచ్చేదాకా.

"నీ చెయ్యి ఊకుండదు."

గంప దించా.

నవ్వు ఆగింది. "నన్ను గూడ గట్లనే జేస్తున్నవ్. లేస్తే సూస్తవ్, గంజి తాగితే సూస్తవ్, బయటికి పోయొస్తే మొఖం సూస్తవ్. చెయ్యి ఒక్కటే పెట్టలే."

"మరేం జెయ్యమంటవ్?"

"కూసో."

"ఏడ?"

"ఏడన్న. ఇగో, ఈడ. ఆకు కట్టు."

కూర్చున్నా. ఆకు కట్టా. నా కట్టలన్నీ వదులు.

మే 5

అమ్మ: "మొగోడు ఇంట్ల గూసొని ఆకు గడుతున్నడు. ఈ సంవత్సరం వానలు పడవు."

పక్కింటి వదిన: "పడతయిలే అత్తా, కొత్త వాన పడతది." కళ్లెగరేసి పోయింది.

ఎదురుగా నాగమణి. ఈనెలు చూసుకుంటూ ఆకు మీద ఆకు పేరుస్తుంది. నేను ఆకులే చూస్తున్నా. కష్టమే.

మే 7

సురేష్‌కి చెప్పేశా, ఇప్పుడు రాలేనని.

"మళ్లీ పిలవరు బావా."

తెలుసు. గోడకున్న సంచి తీసి అమ్మకి ఇచ్చా, చింతపండు పోసుకోవడానికి. రోజంతా అరికాళ్లలో దురద.

మే 9

పొద్దున. ఆకులు ఎండకి పరుస్తున్నా.

"ఇగో... జర ఇటు రా."

తలుపు దగ్గర నిలబడి ఉంది. గొంతు మామూలుగానే ఉంది.

"మచ్చ కనపడ్డది."

నోటితో చెప్పింది. నెలన్నరలో మొదటిసారి.

మితానిన్ అక్కకి కబురు పెట్టా. వచ్చింది, నాగమణిని పడుకోబెట్టి నాలుగు మాటలు అడిగింది. నొప్పి? లేదు. ఎక్కువ పోతుందా? లేదు, చుక్కే. "చుక్క పడ్డ ప్రతిదీ పోదు" అంది. "ఉండేదీ ఉంటది. అయినా ఈడ గూసొని చెప్పుడు నాతోని కాదు. భద్రాచలం తీస్కపోండి. స్కానింగ్ చేస్తరు. నేను జీపుకు ఫోన్ జేస్త."

జీపు రోడ్డు మీదకే వస్తుంది. రోడ్డు వాగుకి అవతల.

అమ్మ గుమ్మంలో కూర్చుంది. అడ్డంగా.

"వాగు దాటియ్యొద్దు. రెండూ దాటినంకనే పోయినయి."

"అత్తా, రెండోది ఇంట్లనే పోయింది" నాగమణి అంది, లోపలి నుంచి.

"అంతకుముందు దాటినవ్. మిరపకోతకు బోయినవ్."

"అది మొదటిది."

అమ్మ గుమ్మంలోంచి లేవలేదు. నాకు నోట్లో ఉన్నాయి మాటలు — బరువెత్తినందుకు కాదు, నడిచినందుకు కాదు, వాగుకి ఏ సంబంధం లేదు. చెప్పలేదు. అమ్మ చేతులు చూశా. చీర కొంగు ఒకటే మెలిపెడుతోంది. ఆమె కూడా భయపడుతోంది, అంతే.

నాగమణి నన్ను అడిగింది. "ఆ మిషినీ లోపల చెయ్యి పెడతదా?"

"లేదు. పొట్ట మీద ఆనిస్తరు. శబ్దం పంపుతరు లోపలికి. అది తగిలి ఎనక్కొస్తే బొమ్మ పడతది."

"శబ్దమా? దానికి ఇనపడతదా?"

"మనకే ఇనపడదు. దానికీ ఇనపడదు."

"దాన్ని లేపదు గద?"

"లేపదు."

 లేచి జుట్టు ముడి వేసుకుంది.

"అయితే పోదాం."

అమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత లేచింది. చెప్పుల్లేకుండా వాగు వైపు నడిచింది. ఆపడానికి పోతోందనుకున్నా. కాదు. నీళ్లలోకి దిగింది, అవతలి ఒడ్డు ఎక్కింది, ఇటు తిరిగి నిలబడింది. చెయ్యి చాపింది.

మేలో ఏం నీళ్లుంటాయి. పాదం మునగలేదు. నాగమణి రాయి మీద ఒక కాలు, ఇసుకలో ఒక కాలు. నేను వెనక. పట్టుకోబోతే వద్దంది. అవతల అమ్మ చెయ్యి అందుకుంది.

జీపులో ముగ్గురం.  డ్రైవర్ పాటలు పెట్టి, మమ్మల్ని అద్దంలో చూసి, తీసేశాడు.

మే 9, ఆసుపత్రి

బెంచీ మీద. మాకంటే ముందు చాలామంది. అమ్మ టీ తాగనంటోంది.

గోడ మీద బొమ్మ ఒకటి — పొట్టలో పాప, తల కిందికి, కాళ్లు పైకి. చాలా పెద్ద పాప. మనది ఎంతుంటుందని నాగమణి అడిగింది. ఉసిరికాయంత ఉంటుందేమో అన్నా. నిజంగా తెలియదు. ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి, మధ్యలోకి చూసుకుంది.

చుక్క మళ్లీ లేదంది. ఉంటే చెప్తానంది. నేను అడగలేదు, తనే చెప్పింది.

డాక్టర్ సాబ్ ఫోన్ చేశాడు. మితానిన్ అక్క చెప్పిందట. ఏమైనా అయితే చెయ్యి అన్నాడు. ఏమీ కాకపోయినా చెయ్యి అన్నాడు.

ఇప్పుడే పేరు పిలిచారు.

అమ్మ లేచింది, నేనూ లేచా. నాగమణి ఇద్దరినీ చూసింది.

"అత్తా, నువ్వు రా." నా వైపు తిరిగింది. "నువ్వు ఈడనే ఉండు. లేచి తిరగకు. నేను బయటికొస్తే నువ్వు ఈడనే కనపడాలె."

"సరే."

"ఈ బెంచీ మీదనే."

"సరే అన్న గద."

లోపలికి పోయారు. తలుపు వేశారు. కర్ర తలుపు, నీలం రంగు, కింద కొంచెం సందు. సందులో లైటు ఆరిపోయింది — లోపల చీకటి చేస్తారట, బొమ్మ కనపడాలంటే. పక్కన కూర్చున్నాయన చెప్పాడు.

చెవి పెట్టి వింటున్నా. ఏమీ వినపడటం లేదు. ఎవరో ఏదో అడుగుతున్నట్టుంది. అమ్మ గొంతు కాదు.

కుడికాలు ఊగుతోంది. ఆపా.

మళ్లీ ఊగుతోంది. చేత్తో పట్టుకుని కూర్చున్నా.